ఇంటికి పెద్ద దిక్కు ఎవరు?

 

 చదువు గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను హాస్టల్‌ వార్డెన్‌ని. పిల్లలు పుస్తకం మూసి పడుకునే వేళకు వాళ్ల దగ్గర ఉండే మనిషిని. ఆ వేళకు వాళ్ల మనసులో ఏం తిరుగుతుంటుందో, దాని గురించి నాలుగు మాటలు చెప్తాను.

మన తండాల్లో ఒక మెచ్చుకోలు ఉంది. "ఆ పిల్ల చూడు, పన్నెండేళ్లకే ఇల్లంతా నడుపుతది. తల్లి లేకపోయినా లోటు తెలవనియ్యదు." ఇంకోటి ఉంది. "వాడు మగపిల్లగాడు కాదమ్మా, ఇంటికి పెద్ద దిక్కు." ఈ మాటలు మనం ప్రేమతోనే అంటాం. విన్న పిల్లల ముఖం కూడా వెలుగుతుంది. కానీ ఆ మెచ్చుకోలు ఒకసారి నెత్తిన పడితే దించుకోవడం పిల్లలకు చేతకాదు. "నాకు చేతనైతలేదు" అంటే మంచిపిల్ల అన్న పేరు పోతుంది కదా. అందుకని నోరు మూసుకుని మోస్తారు.

ఈ పరిస్థితి ఎట్లా వచ్చిందో మీకు తెలుసు. చందంపేట, నేరేడుగొమ్ము, డిండి, కొండమల్లేపల్లి, పెద్ద అడిశర్లపల్లి, ఏ మండలం తండాకు పోయినా ఒకటే కథ. వాన పడితే పత్తి, పడకపోతే అప్పు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పని వెతుక్కుంటూ హైదరాబాద్‌కు, ఇంకా దూరానికి పోతారు. పక్కన పాలమూరు జిల్లాకైతే వలస కూలీల పేరే దేశమంతా ఉంది. అమ్మానాన్న వలసపోతే ఇంట్లో ముసలి నాయనమ్మ, ముగ్గురు పిల్లలు మిగులుతారు. ఆ ముగ్గురిలో పెద్దది ఆడపిల్ల అయితే, ఆ రోజు నుంచి ఆ ఇంటికి తల్లి ఆమే. మన నల్లగొండకు ఇంకో శాపం ఫ్లోరైడ్‌. నీళ్లు తాగినందుకే నడుము వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయి, పని చేయాల్సిన వయసులో మంచానికి అంటుకుపోయినవాళ్లు ఎన్ని ఊళ్లలో లేరు? అటువంటి తండ్రిని లేపి కూర్చోబెట్టేది, తానం చేయించేది చాలా ఇళ్లల్లో ఎవరు? బడికి పోవాల్సిన పిల్లలే.

మన ఇళ్లల్లో ఇంకో బరువు ఉంది. అది లెక్కలోకి రాదు. మన ఇంటి భాష గోర్‌బోలి. ఆసుపత్రి, బ్యాంకు, తహసీల్దార్‌ ఆఫీసు భాష తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. బడి మెట్లెక్కిన మొదటి తరం మన ఇళ్లల్లో ఇంకా మీరే, మీ చెల్లెళ్లే. అందుకని చీటీ చదివేది పిల్లలు. పాస్‌బుక్‌ చూసేది పిల్లలు. డాక్టర్‌ తెలుగులో చెప్పింది నాయనమ్మకు గోర్‌లో చెప్పేది పిల్లలు. ఒక అమ్మాయి నాతో అన్నది: "డాక్టర్‌ సార్‌ కిడ్నీలు పోయినయ్‌, ఎక్కువ రోజులు కష్టం అన్నడు మేడం. నేను యాడికి మందులు వాడితే తగ్గుతదట అని చెప్పిన." ఆ పిల్లకు పదమూడేళ్లు. తల్లి చావుబతుకుల మాట మొదట తనే విన్నది, తనే దాచింది. అది ఇంటికి చేసిన సాయం అని మనం అనుకుంటాం. ఆ పిల్ల మాత్రం ఎన్నో రాత్రులు ఆ మాటను ఒంటరిగా పట్టుకుని పడుకుంది.

దీని గురించి మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా రాస్తున్నారు. పిల్లలు తల్లిదండ్రుల స్థానంలోకి పోవడానికి పేరెంటిఫికేషన్‌ అని పేరు. 1973లో బోసోర్మేనీ నాజ్‌, జెరాల్డిన్‌ స్పార్క్‌ అనే ఇద్దరు కుటుంబ చికిత్స నిపుణులు తమ పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పారు. తర్వాతివాళ్లు దీన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి చేతి పని. వంట, నీళ్లు, తమ్ముళ్లను చూసుకోవడం, కూలికి పోవడం. రెండోది మనసు పని. తల్లి ఏడిస్తే ఓదార్చడం, తాగొచ్చిన తండ్రి కోపాన్ని ముందే పసిగట్టి ఇల్లు సర్దడం, అమ్మానాన్నల కొట్లాటలో పంచాయితీ చెప్పడం, అప్పులవాడికి జవాబివ్వడం. చేతి పని ఒళ్లు అలిసేలా చేస్తుంది, పడుకుంటే కొంత తీరుతుంది. మనసు పనికి సెలవు ఉండదు. ఎక్కువ దెబ్బ తీసేది అదే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లలు ఇంట్లో పని చేయడమే తప్పని నేను అనడం లేదు. మనం పని చేసే జాతి. గొడ్లను తోలుకుని, ఎడ్ల మీద సరుకు వేసుకుని దేశాలు తిరిగిన జాతి. మన పెంపకంలో పిల్లలకు పని నేర్పడం ఉంది, అది మంచిదే. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్‌ అనే పరిశోధకురాలు, ఆమె బృందం పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికంలో, గొడవల ఇళ్లల్లో పెరిగి కూడా నిలదొక్కుకున్న పిల్లలు అందులో ఉన్నారు. తమ్ముళ్లను చూసుకోవడం వంటి బాధ్యత వాళ్లలో చాలామందికి ధైర్యాన్నిచ్చిందని ఆమె రాశారు. దాంతోపాటు ఇంకోటి కూడా చూశారు. అటువంటి ప్రతి పిల్లకు, పిల్లవాడికి పక్కన కనీసం ఒక పెద్ద మనిషి ఉన్నారు. నాయనమ్మో, మేనత్తో, పంతులమ్మో. "నువ్వు ఎట్ల ఉన్నవ్‌ బిడ్డా" అని అడిగిన మనిషి.

కాబట్టి పని ఎప్పుడు బలమవుతుంది, ఎప్పుడు బరువవుతుంది అని తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఆ పని పిల్ల వయసుకు తగినదేనా? అది ఎప్పుడు అయిపోతుందో పిల్లకు తెలుసా? చేసినందుకు ఎవరైనా గుర్తిస్తున్నారా, లేక చేయకపోతే మాత్రమే గుర్తొస్తుందా? చేతకాకపోతే చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి ఉన్నారా? ఈ నాలుగింటికీ జవాబు మంచిగా ఉంటే, పత్తి ఏరినా, బర్లు కాసినా ఆ పిల్లకు ఏమీ కాదు. జవాబులు లేకపోతే, కూర్చోబెట్టి పట్టుబట్టలు కట్టినా ఆ పిల్ల లోపల నలుగుతూనే ఉంటుంది.

ఇది బయటికి ఎట్లా కనపడుతుందో చెప్తాను. "నా మనసు బాలేదు" అని ఏ పిల్లా చెప్పదు. మన భాషలో ఆ మాటే తక్కువ. "తల నొస్తుంది మేడం", "కడుపుల నొస్తుంది మేడం" అని వస్తారు. డాక్టర్‌కు చూపిస్తే అన్నీ బాగానే ఉంటాయి. సెలవులు దగ్గరికి వస్తుంటే ఆ నొప్పి ఎక్కువవుతుంది, లేదా సెలవుల నుంచి వచ్చిన వారం ఎక్కువవుతుంది. హాస్టల్‌లో కోడికూర వండిన రోజు అందరూ వరుసలో ముందుకు తోసుకుంటుంటే ఒక పిల్ల వెనక నిలబడుతుంది. ఎందుకు తినవమ్మా అంటే, "ఇంటికాడ తమ్ముడు ఏం తిన్నడో" అంటుంది. తన పళ్లెంలో ముక్క తనకు అరగదు. ఇంటికి ఫోన్‌ చేసుకునే రోజున మిగతా పిల్లలు సినిమా పాటల ముచ్చట చెప్పుకుంటే, ఈ పిల్ల "సిలిండర్‌ వచ్చిందా, తాళం వేసిన్రా, బాపు తాగిండా" అని అడుగుతుంది. ఆటల గంటలో ఆడదు, చిన్నపిల్లల జడలు వేస్తుంది. పరీక్ష ముందు రాత్రి నిద్రపట్టదు, పాఠం వల్ల కాదు. చిన్న తప్పుకే గజగజ వణుకుతుంది. కొందరు ఉల్టా ఉంటారు. ఊరికే కోపం, కొట్లాట, ఎవరైనా ప్రేమగా మాట్లాడితే ఇంకా కోపం. వాళ్లను మనం మొండిఘటం అంటాం.

అటువంటి పిల్లలకు సాయం తీసుకోవడం రాదు. జ్వరం వచ్చి పడుకుంటే పక్క పిల్ల నీళ్లు తెచ్చినా సిగ్గుపడి లేచి కూర్చుంటారు. ఇచ్చే చేయిగానే పెరిగారు, పుచ్చుకునే చేయి అలవాటు కాలేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. 2000 ప్రాంతంలో మన దేవరకొండ పేరు దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆడపిల్లలను అమ్ముకుంటున్నారని వచ్చింది. కరువు, అప్పు, కట్నం, కొడుకు కోసం కాన్పు మీద కాన్పు, పిల్లలను దత్తత పేరిట వ్యాపారం చేసినవాళ్లు, ఇన్ని కలిస్తే అట్లా జరిగింది. పేరు మాత్రం మన తల్లులకు అంటింది. ఆ రోజులు మారాయి. కానీ ఆ మాట ఇళ్లల్లో ఇంకా బతికే ఉంది. ఒక పిల్ల ప్రతి సెలవుకు అందరికంటే ముందు ఇంటికి పోయి, అందరికంటే ఆలస్యంగా వస్తుంటే పిలిచి మాట్లాడాను. "నేను మూడో ఆడపిల్లను మేడం. అయినా నన్ను ఉంచుకున్నరు" అన్నది. తనను ఉంచుకున్నందుకు జీవితమంతా కిరాయి కట్టాలని అనుకుంటుంది ఆ పిల్ల. కోపంలోనో, నవ్వులాటకో ఇంట్లో ఎవరో అన్న మాట అది. బిడ్డ పుట్టింది రుణం తీర్చడానికి కాదు. ఈ మాట ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో గట్టిగా, వాళ్లకు వినపడేటట్టు చెప్పాలి.

మగపిల్లల సంగతి వేరు, బరువు ఒకటే. తండ్రి పోయినా, మంచాన పడ్డా, సారాకు బానిసైనా కొడుకు భుజం మీద పెద్దలు చెయ్యి వేసి "ఇంక నువ్వే రా" అంటారు. ఏడ్వడానికి కూడా సమయం ఇయ్యరు. దినాలు కాకముందే అప్పులెక్క వాడి ముందు పెడతారు. పదో తరగతి పాసైనవాడు హైదరాబాద్‌లో ఆటో వెనకో, మేస్త్రీ వెనకో పోతాడు. చదువు ఆగినందుకు వాడు బాధపడితే "చెల్లె పెండ్లి చేయొద్దా" అంటారు. వాడి బాధకు చోటు దొరకదు. తండ్రి తాగే సీసాయే వాడికి కూడా దొరుకుతుంది. ఇట్లా పోయిన పిల్లలు మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో మీరే ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఆడపిల్లకైతే ఇంకో దారి చూపిస్తారు. పెండ్లి. ఇల్లు నడపడం వచ్చింది కదా, ఇంకేం కావాలి అంటారు. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెండ్లి చేయడం నేరం. కల్యాణలక్ష్మి కూడా పద్దెనిమిది నిండితేనే. అయినా ఒక ఇంటి బరువు దించకుండానే ఇంకో ఇంటి బరువు ఎత్తుతాం. నలభై ఏళ్లకు ఆమె అన్ని నొప్పులతో ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే "ఏమైందో ఏమో, మంచిగనే ఉండె" అంటాం.

ఈ సభలో కూర్చున్న మీలో కొందరు నేను చెప్తున్న పిల్లలే. ఇప్పుడు పెద్దయ్యారు. డిగ్రీ చదువుతున్నారు, కానిస్టేబుల్‌ పరీక్షకు తయారవుతున్నారు, నర్సింగ్‌ చేస్తున్నారు. మీకు ఎవరికీ కాదు అని చెప్పడం రాకపోవచ్చు. ఖాళీగా కూర్చుంటే తప్పు చేసినట్టు అనిపించవచ్చు. ఇంటి నుంచి ఫోన్‌ వస్తే ఎత్తకముందే గుండె దడదడలాడవచ్చు. ఇది మీ బలహీనత కాదు. చిన్నప్పుడు రాత్రీ పగలూ కాపలా కాసిన మనసు ఇంకా కాపలా దిగలేదు. అందరికీ ఇట్లాగే అవుతుందని కాదు, అయినవాళ్లు మాత్రం తమకు పిచ్చి పట్టిందేమో అని భయపడొద్దు. మాట్లాడితే తగ్గుతుంది. 14416కు ఫోన్‌ చేస్తే టెలిమానస్‌లో మాట్లాడే నిపుణులు ఉంటారు. 2022 అక్టోబర్‌ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇది మన తలరాత అనుకోవద్దు. ఒక ఉదాహరణ చెప్తాను. నా చిన్నప్పుడు తండా ఆడపిల్ల అంటే నెత్తిన బిందె. బోరు కాడ వరుస, కొట్లాట, బడికి ఆలస్యం. ఆ బిందె ఆడపిల్ల ధర్మం అనుకునేవాళ్లు. మిషన్‌ భగీరథ నల్లా వాకిట్లోకి వచ్చినచోట ఆ ధర్మం ఏమైంది? ఒక్క పైపు వస్తే ఆ బిందె దిగిపోయింది. అంటే పిల్లల నెత్తి మీది బరువు ఎక్కువభాగం పెద్దలు, ప్రభుత్వం చేయాల్సి ఉండి చేయని పనే.

ఇంకో ఉదాహరణ మన పక్క రంగారెడ్డి జిల్లాది. అక్కడ ఎం.వి. ఫౌండేషన్‌ 1991 నుంచి బాలకార్మికుల మీద పనిచేసింది. బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఆ సంస్థ చెప్పింది. అది పెద్ద మాట. ఎందుకంటే అప్పటిదాకా హోటల్లో కప్పులు కడిగే పిల్లవాడు లెక్కలోకి వచ్చేవాడు, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని బడి మానేసిన అక్క లెక్కలోకి రాలేదు. ఆ పనికి ముందు నడిచిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్‌ కూడా ఆమే.

చట్టం సంగతి చూస్తే, 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషేధం. కానీ బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయవచ్చని మినహాయింపు ఉంది. సాయం ఎక్కడ ఆగుతుంది, చాకిరీ ఎక్కడ మొదలవుతుంది అని చూడడానికి ఏ ఆఫీసరూ మన వంటింట్లోకి రాడు. బ్రిటన్‌లో ఇంట్లో రోగిని చూసుకునే పిల్లలను యంగ్‌ కేరర్స్‌ అంటారు. 2014 చట్టం ప్రకారం అటువంటి పిల్లలకు ఏం సాయం కావాలో చూడాల్సిన బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. మన దగ్గర ఆ లెక్క రాసేవాళ్లు లేరు. అందుకని తండాలో ఆ లెక్క మీరు రాయాలి.

ఎట్లా రాయాలో చెప్తాను. మీ తండాలో అమ్మానాన్న వలసపోయిన ఇళ్లు ఎన్ని, తల్లి గానీ తండ్రి గానీ లేని పిల్లలు ఎంతమంది, మంచంలో ఉన్న పెద్దవాళ్లను పిల్లలే చూసుకునే ఇళ్లు ఎన్ని, ఒక సాయంత్రం నలుగురు కూర్చుంటే ఈ పేర్లన్నీ వస్తాయి. 2018 చట్టంతో మన తండాలు చాలా వరకు గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచ్‌ మనవాడే, వార్డు మెంబర్‌ మన వదినే. ఆ జాబితా వాళ్ల చేతిలో పెట్టండి. మిషన్‌ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌ ఉంది. తండ్రి పోయి తల్లి ఒక్కతే ఉన్న పిల్లలకు, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు ఉన్న పిల్లలకు, ఏడాది ఆదాయం పల్లెల్లో 72 వేల లోపు ఉంటే నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పథకం అది. నల్లగొండలో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆ కాగితాలు తేవడం, నింపడం పన్నెండేళ్ల పిల్ల పని కాదు. చదువుకున్న మీ పని. పిల్ల ప్రమాదంలో ఉంటే, పెండ్లి చేయబోతుంటే 1098కి ఫోన్‌ చేయండి.

ఆసుపత్రికి పోయేటప్పుడు చిన్నపిల్లను తోలకండి. గోర్‌, తెలుగు రెండూ తెలిసిన పెద్దవాళ్లు ఒకరు తోడు పోవాలి. తండాకు ఇద్దరు యువకులు ఈ పని మీద పెట్టుకుంటే చాలు.

అన్నలుగా, అక్కలుగా మీ ఇంట్లో చేయాల్సింది ఇంకా చిన్నది. హైదరాబాద్‌ నుంచి ఫోన్‌ చేసినప్పుడు చెల్లెను మొదట "బాపుకు గోళీలు ఇచ్చినవా" అని అడగకండి. "నువ్వేం తిన్నవ్‌, ఈరోజు ఏం ఆడినవ్‌" అని అడగండి. తర్వాత గోళీల సంగతి. ఒక పని మీ మీద వేసుకోండి. "పింఛన్‌ సంగతి, బ్యాంకు సంగతి నేను చూస్తా, నువ్వు మర్చిపో" అని చెప్పి, నిజంగానే చూడండి. ఒక్కసారి మాట తప్పితే ఆ పిల్ల మళ్లీ కాపలా ఎక్కుతుంది. అప్పు ఎంత ఉందో, వడ్డీ ఎంత అయిందో పిల్లల ముందు లెక్క వేయకండి. ఇంట్లో కష్టం ఉందని చెప్పొచ్చు, తీర్చేది పెద్దలం అని కూడా చెప్పాలి. తల్లి ఏడిస్తే పిల్లను ఓదార్చమని పంపకండి, మీరు పోయి కూర్చోండి. పిల్లలు ఇంట్లో పనిచేస్తే "మంచిపని చేసినవ్‌, ఇంక చాలు, పోయి ఆడుకో" అనండి. ఆ రెండో సగం మనం మర్చిపోతాం.

1989లో ఐక్యరాజ్య సమితి చేసిన బాలల హక్కుల ఒప్పందంలో విశ్రాంతి, ఆట కూడా హక్కులే అని ఉంది. 1992లో మన దేశం దాన్ని ఒప్పుకుంది. అంటే సాయంత్రం పూట ఒక గంట తొక్కుడుబిళ్ల ఆడడం మన పిల్లలకు ఎవరో పెట్టే భిక్ష కాదు.

తీజ్‌ పండగకు మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. తొమ్మిది రోజులు వాటిని ఎండకు, కోళ్లకు, మేకలకు దొరకకుండా చూస్తారు. ఆ మొలక మీద ఎవరూ బరువు పెట్టరు. పెడితే ఏమవుతుందో ఏ పిల్లనడిగినా చెప్తుంది. ఆ మొలకలు పెంచే పిల్లల మీద కూడా అంత పైలంగా ఉందాం. ఈ సభ నుంచి మీరు తండాకు పోయాక ఆ జాబితా మొదలుపెట్టండి. మొదటి పేరు మీ ఇంటి పక్కదే అయి ఉంటుంది.